గోడ మీద ఎవరి బతుకు?

అమెరికాలో లూసియానా రాష్ట్రం. కేన్ నది ఒడ్డున మెల్‌రోజ్ అనే పాత పత్తి తోట ఉంది. ఇప్పుడది మ్యూజియం. క్రియోల్ వారసత్వం చూడండి అని పిలుస్తారు. మరీ తెరేజ్ కోయిన్‌కోయిన్ అనే బానిస స్త్రీ 1778లో విముక్తి పొందింది. ఫ్రెంచివాడికి ఆమె కన్న కొడుకుల్లో ఒకడైన లూయీ మెటోయర్ ఈ భూమి సంపాదించాడు. గొప్ప సంగతే. కానీ విముక్తి పొందిన ఆ కుటుంబమే మళ్లీ బానిసలను కొని ఆ పొలాల్లో దించింది. ఈ రెండో మాట మింగేసి మొదటి మాటకు మురిసిపోవడం మాకు చేతకాదు. మనలోనూ నాలుగెకరాలు కూడగానే తోటివాణ్ణి కూలీగా చూసేవాళ్లు లేరా?

ఆ తోటలోనే క్లెమెంటైన్ హంటర్ పత్తి ఏరింది, తర్వాత వంట చేసింది. చదువు రాదు. యాభై దాటాక, తోటకు వచ్చిన చిత్రకారులు వదిలేసిన రంగులతో పాత కిటికీ తెర మీద బొమ్మ వేసింది. 1955లో అక్కడి ఆఫ్రికన్ హౌస్ కోసం తొమ్మిది పెద్ద పలకల మీద తమ బతుకంతా గీసింది: పత్తి ఏరడం, బట్టలుతకడం, పెళ్లి, చావు, శనివారం రాత్రి తాగుడు. దీన్ని జానపద కళ అన్నారు, అమాయకపు బొమ్మలన్నారు. అమాయకత్వం ఎక్కడుందండీ? ఎవరి వీపు వంగితే ఆ తోట నడిచిందో అందులో కనిపిస్తోంది. అది సాక్ష్యం.

అదే 1955లో దగ్గర్లోని నాకటిష్ కాలేజీలో ఆమె చిత్రాలు ప్రదర్శించారు. తెల్లవాళ్లతో కలిసి చూడటానికి ఆమెకు అనుమతి లేదు. తలుపులు మూసిన రోజు దొంగచాటుగా తీసుకెళ్లి చూపించారు. ఆ కాలేజీయే యూనివర్సిటీ అయ్యి, 1986లో, ఆమెకు దాదాపు వందేళ్లప్పుడు, గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

మాస్టార్లూ, పిల్లలను బస్సెక్కించి అరకు గిరిజన మ్యూజియానికి తీసుకెళ్తారు కదా. థింసా ఆడే బొమ్మల ముందు ఫొటో తీసి తిరిగొచ్చేస్తారు. ఈసారి తిరిగొచ్చాక రంగులిచ్చి కూర్చోబెట్టండి. కాఫీ పళ్లు కోసే అవ్వను, సంతలో తూకం దగ్గర నోరు మెదపని నాన్నను వాళ్లే గీస్తారు. అందంగా లేదని దిద్దకండి. కింద పేరు మాత్రం రాయించండి. క్లెమెంటైన్‌కు అక్షరాలు రాకపోయినా తన పేరు గుర్తు వేసుకుంది. ఇంటి దగ్గర బోర్డు కూడా పెట్టించింది: చూడాలంటే 25 సెంట్లు.