ఫోను సరే... స్క్రూ ఎవరిది?

2014లో వియత్నాంలో ఒక స్క్రూ జాతీయ చర్చగా మారింది. రాజధాని హనోయ్‌ పక్కనే ఉన్న బాక్‌నిన్‌లో అప్పటికి ఐదేళ్లుగా ఫోన్లు తయారుచేస్తున్న శామ్‌సంగ్‌, తనకు కావలసిన విడిభాగాల జాబితాను స్థానిక పరిశ్రమల ముందు పెట్టింది. అందులో రాకెట్‌ విజ్ఞానమేమీ లేదు. ఛార్జర్లు, కేబుళ్లు, ప్లాస్టిక్‌ భాగాల వంటివే. అయినా అడిగిన నాణ్యతతో, అడిగిన ధరకు, అడిగినన్ని ఇవ్వగలమని ముందుకొచ్చినవాళ్లు దాదాపు లేరు. ఆఖరికి స్క్రూ కూడా మనవల్ల కాదా అన్న ప్రశ్న అక్కడి పత్రికల్లో, చట్టసభలో చాలాకాలం నలిగింది.

విచిత్రమేమిటంటే, అదే సమయంలో ఆ దేశ ఎగుమతులు ఏటికేడు పెరుగుతున్నాయి. విదేశీ పెట్టుబడితో ఎదిగిన దేశమేదని అడిగితే ఇవాళ ఎవరైనా ముందు చెప్పే పేరు వియత్నామే. ఆ ఎదుగుదల బూటకం కాదు. దాన్నీ, స్క్రూ కథనూ కలిపి చదివితేనే విషయం పూర్తిగా అర్థమవుతుంది.

దుక్కి చేసిన చేలో వాన

1986 డిసెంబరులో అక్కడి కమ్యూనిస్టు పార్టీ ‘దోయ్‌ మోయ్‌’ పేరుతో సంస్కరణలకు తెరతీసే నాటికి ధరలు ఏడాదికి వందల శాతం పెరుగుతున్నాయి. మరుసటి ఏడాదే విదేశీ పెట్టుబడుల చట్టం వచ్చింది. కానీ డాలర్లు వెంటనే వచ్చిపడలేదు. అమెరికా ఆంక్షలు తొలగింది 1994లో, ప్రపంచ వాణిజ్య సంస్థలో సభ్యత్వం దొరికింది 2007లో. ఈలోగా 1988లో ఉమ్మడి సేద్యాన్ని పక్కనపెట్టి పొలాలను రైతు కుటుంబాల చేతికి ఇచ్చారు. అన్నానికి వెతుక్కున్న దేశం 1989కల్లా బియ్యం ఎగుమతిదారుల్లో ముందువరుసకు చేరింది. అక్షరాస్యత అప్పటికే ఎక్కువ. ఆడవాళ్లు పనికి వెళ్లడం అక్కడ కొత్త కాదు. అంటే దుక్కి చేసి ఉన్న చేలో వాన పడింది. పెట్టుబడి వస్తే అభివృద్ధి దానంతటదే వస్తుందనేవారు ఈ వరుసక్రమాన్ని మరిచిపోతుంటారు.

ఫలితం కళ్లముందుంది. 1980ల చివర్లో వంద డాలర్లకు లోపే ఉన్న తలసరి జీడీపీ ఇప్పుడు నాలుగు వేలు దాటింది. సుమారు 10 కోట్ల జనాభా ఉన్న దేశం 2024లో 400 బిలియన్‌ డాలర్లకు పైగా ఎగుమతి చేసింది. శామ్‌సంగ్‌ ప్రపంచానికి అమ్మే ఫోన్లలో సగం దాకా అక్కడ తయారవుతున్నవే.

కూలి మనది, లాభం వాళ్లది

ఆ ఎగుమతుల్లో 70 శాతానికి పైగా విదేశీ కంపెనీలవే. చిప్పులు, తెరలు, ఖరీదైన భాగాలు ఎక్కువగా కొరియా నుంచో, చైనా నుంచో దిగుతాయి. ఎగుమతి లెక్కలో ఫోను పూర్తి ధర పడుతుంది. దేశంలో మిగిలేది బిగించిన కూలి, కరెంటు బిల్లు, అద్దె, కాస్త పన్ను. ఆ పన్నులోనూ రాయితీలే. మామూలు కార్పొరేట్‌ పన్ను 20 శాతమైతే, పెద్ద హైటెక్‌ ప్రాజెక్టులకు 15 ఏళ్లపాటు 10 శాతమే. అందులో మొదటి నాలుగేళ్లు పూర్తి మాఫీ, ఆపై తొమ్మిదేళ్లు సగం. ప్రపంచవ్యాప్తంగా బహుళజాతి సంస్థలకు 15 శాతం కనీస పన్ను వచ్చాక ఈ ఎర కూడా పదును కోల్పోయింది. ఆతిథ్య దేశం వదిలేసిన మేరకు కంపెనీ సొంత దేశం వసూలు చేసుకోవచ్చు. అందుకే వియత్నాం కూడా 2024 నుంచి ఆ నిబంధనను అమల్లో పెట్టింది.

2025లో స్క్రూ ప్రశ్న అమెరికా రూపంలో తిరిగొచ్చింది. వియత్నాం సరుకుపై మొదట 46 శాతం సుంకం ప్రకటించిన ట్రంప్‌, బేరసారాల తర్వాత దాన్ని 20 శాతానికి తగ్గించారు. అయితే మరో దేశం సరుకు వియత్నాం మీదుగా దాటివస్తే 40 శాతమన్నారు. పెట్టె మీద ‘మేడిన్‌ వియత్నాం’ అని ఉంటే సరిపోదు, లోపలిది ఎవరిదో చెప్పాలన్నమాట.

వియత్నాం చేతులు ముడుచుకు కూర్చోలేదు. శామ్‌సంగ్‌ నిపుణుల చేతే స్థానిక సంస్థలకు శిక్షణ ఇప్పించింది. 2014లో ఆ కంపెనీకి నేరుగా సరఫరా చేసే దేశీయ సంస్థలు నాలుగే. తర్వాతి ఏడెనిమిదేళ్లలో అవి 50 దాకా చేరాయి. నడక నెమ్మదే అయినా దారి సరైనది.

మన లెక్క ఎలా చూడాలి?

ఈ కథ మనకు దూరమేమీ కాదు. తడ దగ్గర మాంబట్టులో తైవాన్‌ కంపెనీ అడిడాస్‌ బూట్లు కుట్టిస్తోంది. అక్కడి లైన్లలో కూర్చునేది ఎక్కువగా చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలే. పెనుకొండలో 2017లో ఒప్పందం కుదిరిన కియా, 2019 కల్లా కార్లు దించింది. వెంటే కొరియా విడిభాగాల కంపెనీలూ వచ్చాయి. నెల తిరిగేసరికి జీతం వచ్చే ఉద్యోగం కరవు సీమలో చిన్న విషయం కాదు. కానీ ఆ కొరియా కంపెనీల పక్కన అనంతపురం, హిందూపురం యువకుల వర్క్‌షాపులు ఎన్ని లేచాయన్నది వేరే ప్రశ్న.

మారుతి విషయంలో 1980లలో మన ప్రభుత్వం గడువు పెట్టి మరీ విడిభాగాలు దేశంలోనే చేయించింది. గుర్గావ్‌ చుట్టూ ఉన్న ఆటో పరిశ్రమ అలా పుట్టిందే. ఇప్పుడు అలాంటి షరతులకు ప్రపంచ వాణిజ్య సంస్థ నిబంధనలు అడ్డు. మిగిలిన దారి నేర్పించడమే. హైదరాబాద్‌ బాలానగర్‌లో 1968లో మొదలైన కేంద్రీయ టూల్‌ డిజైన్‌ సంస్థ అచ్చులు, డైలు చేసేవాళ్లను తయారుచేసింది. ప్రభుత్వరంగ సంస్థల ఆర్డర్లతో ఆ ప్రాంతంలో లేత్‌ మిషన్ల వర్క్‌షాపులు వందలుగా పెరిగాయి. పరిశ్రమకు భూమి, నీళ్లు, రాయితీ ఇచ్చే చేత్తోనే పక్కన టూల్‌రూమ్‌, పరీక్షల ల్యాబ్‌, పని నేర్పే ఐటీఐ, చిన్న యూనిట్‌కు బ్యాంకు అప్పు ఏర్పాటు చేస్తే ఖర్చు పెద్దగా పెరగదు.

పెట్టుబడుల సదస్సు వేదిక మీద చదివే లక్షల కోట్లు ఒప్పంద కాగితాల మీది అంకెలు. వియత్నాంలోనే 2024లో నమోదైన పెట్టుబడి 38 బిలియన్‌ డాలర్లయితే, నిజంగా ఖర్చయింది 25 బిలియన్ల చిల్లర. కాబట్టి ఫ్యాక్టరీ తెరిచిన ఐదేళ్లకు దాని కొనుగోళ్ల విభాగంలో బిల్లుల కట్ట తిరగేయాలి. వాటిలో తడ, పెనుకొండ, బాలానగర్‌ చిరునామాలు ఎన్ని కనిపిస్తే ఆ పెట్టుబడి మనకు అంత కలిసొచ్చినట్టు.