కుట్లకు కారణంతో పనిలేదు

మా వీధిలో ఉండే స్నేహితురాలు ఒకరోజు మధ్యాహ్నం ఫోన్ చేసింది. "ఒకసారి రాగలవా? అత్తయ్యగారు పడుకున్నారు, ఇప్పుడే రా" అంది. గొంతు తేడాగా ఉంది. వెళ్లేసరికి మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. జాకెట్టు మీద రూపాయి బిళ్లంత తడి మరక. "కుట్టు ఊడినట్టుందే" అంది మెల్లగా.

అయిదు రోజుల క్రితం తనకి ఆపరేషన్ అయింది. చంక దగ్గర చిన్న కొవ్వుగడ్డ తీశారని ఇంట్లో చెప్పింది. నిజానికి చేయించుకున్నది బ్రెస్ట్ లిఫ్ట్. సాగి జారిపోయిన రొమ్ముల్ని పైకి తెచ్చి సరిచేసే ఆపరేషన్. ఆ సంగతి భార్యాభర్తలకీ, డాక్టరుకీ తప్ప ఎవరికీ తెలియదు. ఆ రోజు నాకు తెలిసింది.

"కొవ్వుగడ్డే కదా" అనుకున్న ఇల్లు మూడో రోజుకల్లా మామూలైపోయింది. అయిదో రోజు ఆడపడుచు పిల్లలతో దిగింది. ఈవిడ పెద్ద కుక్కరు అటక మీంచి దించింది, దోసెల పిండి గిన్నె ఎత్తింది. అంతే! చెప్పిన అబద్ధం ఎంత చిన్నదో, దొరికిన విశ్రాంతీ అంతే చిన్నదైంది.

అదృష్టం బాగుండి పెద్ద ప్రమాదం కాలేదు. సాయంత్రమే డాక్టరు చూసి కట్టు మార్చారు. కానీ గాయం మానడానికి మరో రెండు వారాలు ఎక్కువ పట్టింది.

"నలభయ్యేళ్లొచ్చాక ఈ సోకులెందుకు?" అని మీలో కొందరు అనుకుంటూ ఉండొచ్చు. నేనూ మొదట అలాగే అనుకున్నాను, దాచుకోవడం దేనికి? తను చెప్పింది విన్నాక నోరు మూతపడింది. ఇద్దరు పిల్లలు పుట్టాక, కష్టపడి ఒళ్లు తగ్గించాక చర్మం సాగిపోయింది. ఎండాకాలం వస్తే ఆ మడతల కింద చెమట, ఒరుపు, దురద. "చీటీ పాడుకుని దాచుకున్న డబ్బు. ఎవరి మెప్పు కోసమూ కాదే, నా కోసమే" అంది. కాదనడానికి నేనెవర్ని?

పనిలో పని, ఒక అపోహ సంగతీ చెప్పాలి. పిల్లలకి పాలిస్తే రొమ్ములు జారిపోతాయని చాలామంది భయపడతారు. అమెరికాలో కెంటకీ విశ్వవిద్యాలయం వైద్యులు 2008లో ప్రచురించిన అధ్యయనంలో పాలివ్వడం దానికి కారణంగా తేలలేదు. వయసు, ఎన్నిసార్లు గర్భం వచ్చింది, ఒంటి బరువు, పొగతాగడం, ఇవీ వాళ్లు గుర్తించిన కారణాలు. పాలిచ్చిన తల్లి పశ్చాత్తాపపడాల్సిన పని లేదు.

ఇక అసలు సంగతి. ఈ ఆపరేషన్‌లో మిగులు చర్మాన్ని కోసి తీసేసి, లోపలి రొమ్ము కణజాలాన్ని పైకి జరిపి కుట్లు వేస్తారు. చాలామందిని ఆ రోజో, మర్నాడో ఇంటికి పంపించేస్తారు. తొందరగా పంపించారు కదా అని చిన్న ఆపరేషన్ అనుకుంటే పొరపాటే. బరువులు ఎత్తొద్దు, చేతులు భుజాలపైకి లేపొద్దు అని డాక్టర్లు మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాల దాకా చెబుతారు. ఎవరికెన్నాళ్లు అన్నది ఆపరేషన్ చేసిన డాక్టరే చెప్పాలి.

ఆ మాటని మన వంటింట్లో పెట్టి చూడండి. నిండు బిందె పది కిలోలు దాటుతుంది. గ్యాస్ బండలో గ్యాసే 14.2 కిలోలు, ఇనుప బండతో కలిపితే ముప్ఫై కిలోలకు దగ్గర. చంటిపిల్లాణ్ణి చంకనెత్తుకోవడం బరువే. దండెం మీద తడిబట్టలు ఆరేయడం, పై అరలో పప్పుల డబ్బా అందుకోవడం, ఆఖరికి జడ వేసుకోవడం, అన్నీ చేతులు పైకెత్తే పనులే. ఇవేవీ "పని" అని మనం లెక్కే వేసుకోం.

అలాగని మంచానికి అతుక్కుపోకూడదు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా మొదటి రోజు నుంచే ఇంట్లో అటూ ఇటూ మెల్లగా నడవాలి. తల ఎత్తుగా పెట్టుకుని వెల్లకిలా పడుకోవాలి. డాక్టరు చెప్పిన మెత్తటి బ్రా, తీగలు లేనిది, పగలూ రాత్రీ వేసుకోవాలి. ముందువైపు తెరుచుకునే నైటీలు సుఖం. పప్పు తింటే చీము పడుతుందని పెద్దవాళ్లు మాన్పిస్తారు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పాలు తినాల్సిందే. చనుమొనల దగ్గర కొన్నాళ్లు స్పర్శ తెలియకపోవచ్చు, కొందరిలో అది పూర్తిగా తిరిగి రాకపోవచ్చు కూడా. మచ్చలు మొదట ఎర్రగా ఉండి, ఏడాది పైగా గడిస్తే గానీ పలచబడవు. జ్వరం, చీము, పెరుగుతున్న ఎరుపు, ఒకవైపే ఉన్నట్టుండి వాపు కనిపిస్తే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆయాసం, గుండె నొప్పి, పిక్కలో వాపు వస్తే ఒక్క నిమిషం కూడా ఆగకూడదు.

ఇవన్నీ చేయాలంటే ఇల్లు సహకరించాలి. మనవాళ్లకి విశ్రాంతి ఇవ్వడం తెలియక కాదు. పురుడు వస్తే పుట్టింటికి పంపిస్తాం. బాలింతని చన్నీళ్లు ముట్టుకోనివ్వం. ఎందుకంటే ఆ నొప్పికి ఒడిలో బిడ్డ అనే సమాధానం కనిపిస్తుంది. తన కోసం తాను పడ్డ నొప్పికి మాత్రం ఆడది సంజాయిషీ చెప్పుకోవాలి. అందుకే దాచేస్తుంది. దాచింది కాబట్టి లేచి వంట చేస్తుంది.

కానీ కుట్లకు కారణంతో పనిలేదు. అవసరానికి వేసినా, ఇష్టపడి వేయించుకున్నా కుట్టు కుట్టే. బరువెత్తితే రెండూ ఒకేలా తెగుతాయి.

కాబట్టి అటువంటి ఆపరేషన్‌కి సిద్ధమయ్యే చెల్లెళ్లకి ఒక్క మాట. ఏ ఆపరేషనో నలుగురికీ చెప్పక్కర్లేదు, అది మీ సొంత విషయం. కానీ ఎన్నాళ్లు విశ్రాంతి కావాలో మాత్రం నిజం చెప్పండి. "డాక్టరు ఆరు వారాలు బరువులెత్తొద్దన్నారు" అన్న ముక్కలో సిగ్గుపడాల్సిందేముంది? ముందే పనిమనిషితో మాట్లాడుకోండి. పై అరల్లో డబ్బాలు కిందికి దించుకోండి. రహస్యం తెలిసిన భర్త ఆఫీసుకి వెళ్లిపోయి ఊరుకుంటే చాలదు. ఆ రహస్యానికి కాపలా కాయాల్సింది, గ్యాస్ బండ జరపాల్సింది, వచ్చిన చుట్టాలకి కాఫీ కలపాల్సింది ఆయనే.

అత్తగార్లకీ, ఆడపడుచులకీ ఇంకో మాట. ఇంట్లో ఆడపిల్ల కట్టుతో తిరిగొస్తే "ఎందుకు చేయించుకున్నావ్?" అని అడక్కండి. "ఎన్నాళ్లు పడుకోమన్నారమ్మా?" అని అడగండి.

ఆ రోజు మా స్నేహితురాలి అత్తగారు నిద్ర లేచి, మరక చూశారు. ఏమీ అడగలేదు. "అంత నొప్పుంటే చెప్పొద్దటే?" అంటూ పిండి గిన్నె తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయారు. ఆ ఒక్క మాట అయిదు రోజుల ముందే అడిగే వీలు ఆవిడకీ ఇచ్చి ఉండాల్సింది కదా అనిపించింది.