గుత్తికోయలు పరాయివాళ్ళు కారు



సంక్రాంతి సెలవులు అయిపోయి హాస్టలుకు వస్తుంటే విజయవాడ బస్టాండులో గుంటూరు వైపు మిరపకోతకు పోయే కూలీలు మూటలతో కూర్చొని ఉన్నారు. మనలో కొందరు "గుత్తోళ్ళు" అని నవ్వినారు. వాళ్ళలో మా ఊరి పక్కన ఉండే పెద్దమ్మ మనవరాలు ఉన్నది. నా ఈడు పిల్లే. నన్ను చూసి పలకరించబోయి ఆగిపోయింది. నేను కూడా మాట్లాడలేదు. అది తప్పు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది చింతూరు మండలం. పెద్దమ్మది ఛత్తీస్‌గఢ్‌లో కుంట వైపు. 2005లో అక్కడ సల్వాజుడుం మొదలైంది. ఒక పక్క వాళ్ళు, ఒక పక్క నక్సలైట్లు, మధ్యలో ఊరి జనం. ఇండ్లు కాలిపోతే వేలమంది మన వైపు వచ్చేసినారు. గిరిజన యువకుల చేతికి తుపాకులిచ్చి పోలీసులుగా పెట్టడం చెల్లదని సుప్రీంకోర్టు 2011లో చెప్పింది. కాని అప్పటికే ఊర్లు ఖాళీ అయినవి.

పెద్దమ్మ 2006లో కూతురి చెయ్యి పట్టుకొని అడవి దారిన నడిచి వచ్చిందంట. ఇంకో చేతిలో ఆనపబుర్ర. దాని నిండా విత్తనాలు. దారిలో ఎంత ఆకలేసినా వాటిని ముట్టలేదని మా అమ్మ చెప్తుంది. రెండేళ్ళు మిరపకోతకు పోయి బతికింది. తర్వాత పోడు కొట్టి సామలు, జొన్నలు, కందులు, అలసందలు ఒక్క చేనులోనే చల్లింది. సామ ముందు వస్తుంది, కంది ఆఖరుకు వస్తుంది. ఒక వాన తప్పినా ఏదో ఒకటి ఇంటికి చేరుతుంది. ఒకసారి గుడిసె పీకేసినారు. మళ్ళీ వేసుకొని మళ్ళీ విత్తింది. ఇప్పుడు మా ఊరివాళ్ళే విత్తనాలకు ఆమె దగ్గరికి పోతారు.

పోడు వల్ల అడవి పోతుంది గదా అని కొందరు అంటారు. అడవి నరికితే నష్టమే, నేను కాదనను. కాని ఉన్న చేను తనదే అని కాగితం ఉంటే కొత్త అడవి ఎవరు నరుకుతారు? అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికే హక్కు ఇస్తుంది. పెద్దమ్మ ఆ తర్వాత వచ్చింది. ఇల్లు తగలబడేది తేదీ చూసుకొని తగలబడుతుందా?

ఇక్కడ డెల్టాలో పచ్చటి వరి చూస్తున్నాము. కృష్ణ మీద 1855లో ఆనకట్ట, 1957లో ప్రకాశం బ్యారేజీ కట్టినారు. కాలువ నీళ్ళు వచ్చినవి కాబట్టి ఇంత పంట. పెద్దమ్మ కాలువ అడగటం లేదు. కదిలించకుండా ఉంటే చాలంటుంది.

లావోస్ దేశపు కొండల్లో హ్మాంగ్ అనే జనం ఉన్నారు. 1975లో యుద్ధం అయిపోయినాక చాలామంది మెకాంగ్ నది దాటి పారిపోయి, థాయిలాండ్ శిబిరాల్లో ఉండి, అమెరికా చేరినారు. అక్కడ మినెసోటాలో వాళ్ళ ఆడవాళ్ళు కూరగాయలు పండించి సంతలో అమ్ముకుంటున్నారు. భాష తెలియని దేశంలోనే వాళ్ళకు చోటు దొరికింది. పెద్దమ్మ మాట మా కోయ మాటకు దగ్గరే, మాకు అర్థమవుతుంది. అయినా ఆమెను పరాయిది అంటున్నాము.

ఆ పిల్లకు కుల సర్టిఫికెట్ రాలేదు. అందుకని హాస్టల్లో సీటు లేదు, మిరపచేనుకు పోతున్నది. మనం మెస్సులో తినే పచ్చడిలో కారం అలాంటి చేతులు కోసిందే.

మేడం గారూ, ఆ పిల్ల కోసం మనమందరం సంతకాలు పెట్టి ఒక అర్జీ పంపుదాము. దయచేసి ఎలా రాయాలో మీరు చెప్పండి. స్నేహితులారా, ఈసారి బస్టాండులో కనిపిస్తే నవ్వొద్దు. నేనైతే ముందుగా పలకరిస్తాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని