వంటింట శరత్తు

ఋతువు వచ్చిందని మనకు ఎవరు చెబుతారు? పల్లెలో పైరు చెబుతుంది, ఏరు చెబుతుంది. నగరంలో ఆ మాట చెప్పేవారు తక్కువ. విశాఖపట్నంలోని మా ద్వారకా నగర్‌నే చూడండి. ఆర్టీసీ కాంప్లెక్సుకు వచ్చిపోయే బస్సుల రద్దీ, దుకాణాల దీపాల వరుస, శిక్షణ తరగతులకు పరుగులు తీసే విద్యార్థుల సందడి ఏడాది పొడవునా ఒకే తీరున ఉంటాయి. మేడల నడుమ చంద్రుడు కూడా వెతికితే తప్ప కనబడడు. అయినా ఆశ్వయుజ మాసం ప్రవేశించగానే ఏదో ఒక ఇంటి కిటికీలో నుంచి నేతిలో వేగే రవ్వ వాసనో, పులిసిన మినప్పిండి కాలే కమ్మదనమో వీధిలోకి వస్తుంది. నగరవాసికి శరత్తు రాకను మొదట చెప్పేది వంటిల్లే. ఆ వంటింటి కబురును పోగొట్టుకోరాదన్నదే ఈ వ్యాసంలో నేను చెప్పదలచిన మాట.

పాశ్చాత్య దేశాలలో ఆకులు ఎరుపెక్కి రాలే కాలంలో యాపిల్ పండ్లతో, గుమ్మడికాయలతో ఇంట్లోనే కేకులు, రొట్టెలు కాల్చుకోవడం ఒక వేడుక. అప్పుడే పంట ఇంటికి చేరుతుంది. మొదలవుతున్న చలిలో ఓవెన్ వేడి ఇల్లంతా వ్యాపిస్తుంది. మన ఆకురాలు కాలం శిశిరం. అది మాఘ ఫాల్గుణాలలో వస్తుంది. వారికి ఆకులు రాలే రోజుల్లో మనకు శరత్తు. నైరుతి ఋతుపవనాలు వెనుదిరిగి, ఆకాశం తేటపడి, సీతాఫలాలు బజారుకు వచ్చే సమయమిది. ప్రకృతి వేరైనా, పొయ్యి దగ్గర కూర్చుని ఋతువును ఆహ్వానించే మనసు మాత్రం ఒక్కటే.

మన పూర్వులు ఏ వంట ఎప్పుడు చేయాలో ఊరకే నిర్ణయించలేదు. శరన్నవరాత్రులలో రోజుకొక నైవేద్యం. ఆశ్వయుజ బహుళ తదియనాడు అట్లతద్ది. వేకువనే భోజనం, పగలు ఊయల, చంద్రదర్శనం తరువాత పదకొండు అట్ల వాయనం. కార్తీక శుద్ధ చవితినాడు నాగులచవితి. తడిబియ్యం దంచి చేసిన చలిమిడి, నువ్వులూ బెల్లమూ కలిపి దంచిన చిమ్మిలి. ఈ రెండింటికీ నిప్పుతో పనిలేదు. అరిసెల కోసం మాత్రం సంక్రాంతి దాకా ఆగవలసిందే. అప్పటికి గాని కొత్త బియ్యమూ, అనకాపల్లి బజారుకు కొత్త బెల్లమూ రావు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుని ఇంటి ఆతిథ్యాన్ని వర్ణిస్తూ వానకాలానికి ఒక భోజనం, వేసవికి ఒక భోజనం, చలికాలానికి మరొక భోజనం చెప్పాడు. అన్నం పెట్టడమంటే కాలం ఎరిగి పెట్టడమని ఆ రాజకవికి తెలుసు.

నేడు అరిసెలు ఆషాఢంలోనూ దొరుకుతాయి. మిఠాయి దుకాణాలను నేను నిందించను. వాటిని నమ్ముకొని ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. ఇంటికి దూరంగా చదువుకునే పిల్లలకు అవి పండుగపూట ఆసరా కూడా. అయితే పన్నెండు నెలలూ దొరికే పదార్థం కోసం ఎవరూ ఎదురుచూడరు. ఎదురుచూపు లేనినాడు పండుగ క్యాలెండరులో ఒక సెలవు దినంగా మిగిలిపోతుంది.

ఈ విషయం నాకు పుస్తకాలవల్ల కాక తుఫాను వల్ల తెలిసింది. 2014 అక్టోబరు 12న, దసరాకూ దీపావళికీ నడుమ, హుద్‌హుద్ తుఫాను విశాఖ వద్ద తీరం దాటింది. చెట్లు, విద్యుత్ స్తంభాలు కూలిపోయాయి. రోజుల తరబడి దీపం లేదు, మిక్సీ తిరగలేదు, పాలు దొరకడం కూడా కష్టమైంది. మా ఇంట గ్యాసు కూడా నిండుకున్నది. అప్పటికి ఎనభై ఏళ్లు దాటిన మా అమ్మ, అటక మీది కుంపటినీ, ఇనుప మూకుడునూ దింపమన్నది. ఇంట్లో ఉన్న మినప్పప్పు నానబోయించి, దిబ్బరొట్టె కాల్చుదామన్నది.

దిబ్బరొట్టె మన తెలుగువారి సొంత కాల్పు వంట. నానిన మినప్పప్పును గట్టిగా రుబ్బి, అందుకు రెట్టింపు బియ్యపు రవ్వను కడిగి కలిపి, ఉప్పూ జీలకర్రా వేయాలి. నూనె కాగిన మూకుడులో పిండిని మందంగా పరచి, మూతపెట్టి, ఆ మూతమీద కూడా నిప్పులు పోయాలి. కిందా పైనా సన్నని సెగ సమంగా తగిలితే పైభాగం ఎర్రగా, లోపలిభాగం మెత్తగా కాలుతుంది. మూతపడిన చోట నిలిచిన వేడి ఎంతటి మార్పు తెస్తుందో ఉక్కునగర వాసులకు తెలియనిది కాదు. మన ఉక్కు కర్మాగారంలో బొగ్గు కోక్‌గా మారేది గాలి చొరని ఓవెన్లలోనే.

అమ్మ చేతులు అప్పటికే వణుకుతున్నాయి. ఆమె చెబుతూ ఉంటే రుబ్బురోలు తిప్పింది నేను, నిప్పులు సర్దింది నేను. మొదటి రొట్టె అడుగు మాడింది. రెండవది కుదిరింది. చీకటి మెట్లమీద ఇరుగుపొరుగు వారంతా కూర్చుని బెల్లపు పాకంతో దానిని పంచుకున్నాము. యాభై ఏళ్లపాటు అమ్మ చేతి రొట్టె తిన్నవాడిని, దానిని కాల్చడం నేర్చుకున్నది ఆనాడే. 2016లో అమ్మ వెళ్లిపోయింది. తుఫాను రాకపోయి ఉంటే ఆ విద్య మా ఇంట ఆమెతోనే ముగిసిపోయేది.

ఇక్కడ మీకొక సందేహం కలగవచ్చు. ఇంటి వంట గొప్పదని చెప్పడం ఆడవారిని మళ్లీ పొయ్యి దగ్గర కూర్చోబెట్టడం కాదా? ఈ ప్రశ్న న్యాయమైనది. రుచి ఇంటిల్లిపాదిదీ, శ్రమ ఒక్కరిదీ కావడం వల్లనే ఈ వంటలు మన ఇళ్లనుంచి తొలగిపోతున్నాయి. ఉద్యోగం చేసి అలసి వచ్చిన తల్లి పండుగనాడు పిండివంట కొనుక్కొని వస్తే అది ఆమె తప్పు కాదు. పక్కన నిలబడి రుబ్బడానికి ఒక చేయి లేకపోవడమే తప్పు. నేను యాభై ఏళ్లు చేసిన తప్పు అదే. కనుక ఈ మాట ముందుగా అబ్బాయిలకే చెబుతున్నాను.

చదువుకు సమయం చాలడం లేదని మీరు అనవచ్చు. నేను అడిగేది ఏడాదికి ఒక్క పూట. ఇంటర్మీడియట్ ముగిశాక మీలో చాలామంది వేరే ఊళ్లకు వెళతారు. వెళ్లేలోగా మీ ఇంటి వంట ఒక్కటి, ఏ ఋతువులో చేస్తారో, ఎందుకు చేస్తారో అడిగి, మీ చేతులతో చేసి నేర్చుకోండి. అది అట్లతద్ది అట్టు కావచ్చు, రంజాన్ సేమ్యా కావచ్చు, క్రిస్మస్ కేకు కావచ్చు. కుంపటి లేకపోతే స్టవ్వు మీదనో, ఓవెన్‌లోనో కాల్చండి. పనిముట్టు మారినందువల్ల విద్య చెడదు; అడిగేవారు లేకపోతే చెడుతుంది.

నన్నయ భారత రచన అరణ్యపర్వంలో శరద్రాత్రుల వర్ణన వద్ద ఆగిపోయింది. సుమారు మూడు వందల ఏళ్ల తరువాత ఎఱ్ఱన ఆ శేషాన్ని అందుకొని, శరత్కాలపు వేకువతోనే ప్రారంభించాడు. ఒకరు రాత్రి దగ్గర విడిచిన పనిని మరొకరు ఉదయం దగ్గర అందుకున్నారు. మన ఇళ్లలోనూ అలా సగంలో ఆగిపోవడానికి సిద్ధంగా ఉన్న పనులు ఎన్నో ఉన్నాయి. వాటిని అందుకోవలసిన చేతులు మీవి. వచ్చే ఆశ్వయుజంలో మీ అమ్మనో, అమ్మమ్మనో, నాన్నమ్మనో పక్కన కూర్చోబెట్టుకొని ఒక్క రొట్టె కాల్చి చూడండి. మొదటిది మాడినా దిగులుపడవద్దు.