ఒక్క నాణెం చాలు, ధ్యాస చెదరడానికి



1980 నాటి హాలీవుడ్ ప్రేమకథ 'సమ్‌వేర్ ఇన్ టైమ్' ఇప్పుడు గీతలు, మరకలు తొలగించిన ప్రింటుతో డిస్కు మీద వచ్చింది. ఒక ఆదివారం హైస్కూలు పిల్లలతో కలిసి చూడదగ్గ సినిమా అని నా అభిప్రాయం.

మన 'ఆదిత్య 369'లోలా ఇందులో కాలయంత్రం లేదు. హీరో క్రిస్టఫర్ రీవ్ 1912 నాటి నటి ఫొటో చూసి మనసు పారేసుకుంటాడు. ఆమె కాలానికి చేరుకోవడానికి పాతకాలపు సూటు తొడుక్కుని, హోటల్ గదిలో కొత్త వస్తువులు కంటికి కనబడకుండా చేసి, ఒక్క విషయం మీదే మనసు నిలుపుతాడు. చేరుకుంటాడు కూడా. కానీ జేబులో మిగిలిపోయిన 1979 నాటి నాణెం కంటబడగానే ఆ లోకం చేజారిపోతుంది.

పిల్లలకు ఏకాగ్రత గురించి రోజూ చెబుతాం. వాళ్లు చదువుకునే చోటే మన ఫోన్ మోగుతూ ఉంటుంది. ఆ నాణెం అదే!

శుభ్రమైన ప్రింటు వల్ల ఇంకో లాభం ఉంది. ఛాయాగ్రాహకుడు ఇసిడోర్ మాన్‌కోఫ్‌స్కీ వర్తమానాన్ని కొడాక్ ఫిల్ము మీద, 1912ను ఫ్యూజీ ఫిల్ము మీద తీశారు. అందుకే గతం రంగులు మెత్తగా ఉంటాయి. అరిగిపోయిన కాపీల్లో ఈ తేడా పోతుంది. పిల్లలు కనిపెడతారేమో చూడండి.

ముగింపు విషాదమే కాబట్టి సినిమా అయ్యాక పిల్లలతో కాసేపు మాట్లాడండి. చూసినంతసేపూ ఇంటిల్లిపాది ఫోన్లు పక్క గదిలో ఉండాలి. ముందు మనవి పెడితే, వాళ్లవీ పెడతారు.