రంజను దగ్గర మన పిల్లలు

ఎండాకాలం పట్నం పోయిన రైతుకు మొదట కావాల్సింది ఏమిటి? సబ్సిడీ కాగితం తర్వాత సంగతి, ముందు మంచినీళ్ళు. నాంపల్లి స్టేషన్లో రైలు దిగి, పబ్లిక్ గార్డెన్స్‌లోని ఉద్యానశాఖ కార్యాలయానికి నడిచిపోయినవాళ్ళకు ఈ మాట నేను చెప్పనక్కరలేదు. డ్రిప్పు కోసమో, పందిరి సాగు కోసమో మీలో చాలామంది ఆ దారిన తిరిగినవాళ్ళే.

ఒక ఎండాకాలం నేను అట్లాగే స్టేషను నుంచి అబిడ్స్ వైపు పోతున్నాను. పొద్దున పదిన్నరకే తారు కాగుతోంది. ఒక దుకాణం ముందు చలివేంద్రం కనిపించింది. తడిపిన గోనెపట్టా చుట్టిన మూడు రంజన్లు, వాటి కింద ఇసుక, పైన పాత చీరె కట్టిన నీడ. వెనక పీట మీద ఏడెనిమిదేళ్ళ ఆడపిల్ల నిలబడి ఉంది. నేను గ్లాసు పట్టుకొని రంజన్లో ముంచబోతే, "అంకుల్, అట్ల ముంచొద్దు. నేను పోస్త" అన్నది. నవ్వలేదు, మొహమాటపడలేదు. పొడుగు కాడ గరిటెతో నిండా పోసింది. పక్కన వాళ్ళ అన్న తాగిన గ్లాసులు కడుగుతున్నాడు. వాళ్ళ నాయనను అడిగితే, సెలవులు ఇచ్చినకాడి నుంచి పొద్దున రెండు గంటలు వీళ్ళ వంతు, సాయంత్రం పక్క దుకాణం పిల్లల వంతు, నడిమి ఎండలో మాత్రం పెద్దవాళ్ళమే చూసుకుంటాం అన్నాడు.

ఆ నీళ్ళు తాగి నడుస్తుంటే నాకు మన ఊళ్ళే గుర్తొచ్చాయి. మన బస్టాపుల్లో ఎన్నిచోట్ల ఒక రంజను ఉంది? ఉన్నచోట ఎవరు నింపుతున్నారు?

నాంపల్లిలో ఇటువంటి సేవకు మంచి చరిత్రే ఉంది. మీరు పిల్లల్ని తీసుకొని జనవరిలో చూసివచ్చే ఎగ్జిబిషన్, అదే నుమాయిష్, ఎట్లా పుట్టిందో తెలుసా? 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పట్టభద్రుల సంఘం వాళ్ళు సంస్థానంలో ఆర్థిక సర్వే చేయాలనుకున్నారు. చేతిలో డబ్బు లేదు. అందుకోసం పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్న ప్రదర్శన పెట్టారు. 1946లో అది ఇప్పటి మైదానానికి మారింది. ఆ ఆదాయంతోనే సొసైటీవాళ్ళు విద్యాసంస్థలు నడుపుతున్నారు. ఆ మైదానంలో ఉన్న ఆడపిల్లల కాలేజీలు అట్లా వచ్చినవే. చదువుకున్న కుర్రవాళ్ళు నాలుగు రోజులు ఊరికోసం తిరిగితే ఇంత అయింది.

అదే మైదానంలో మృగశిర కార్తె నాడు బత్తిని కుటుంబంవారు చేపమందు పంచుతారు. మనం దుక్కులు దున్ని వానకోసం మొగులుకేసి చూస్తుంటే అక్కడ ఉబ్బసం రోగులు బారులు తీరి ఉంటారు. ఆ మందు పనిచేస్తుందని శాస్త్రీయంగా రుజువు కాలేదు. వాడే మందులు మాని దాన్ని నమ్ముకోవద్దని డాక్టర్లు అంటారు, నేనూ అదే అంటాను. మందు సంగతి అట్లుంచండి. కరోనా వల్ల మూడేళ్ళు ఆగి 2023లో మళ్ళీ మొదలైన ఆ పంపిణీలో జనానికి నీళ్ళు, అన్నం అందించేది స్వచ్ఛంద సంస్థలవాళ్ళు. ఎవరో ఏమిటో తెలియని మనిషికి గ్లాసు అందించడం అంటే ఏమిటో అక్కడ చూడొచ్చు.

"మా పిల్లలు పుట్టినకాడి నుంచి పనిలోనే ఉన్నారు, ఇంక వాళ్ళకు సేవ కూడా నేర్పాలా?" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పట్నం పిల్లలకు చీపురు పట్టడమే వింత. మన పిల్లలు మేకలకు మండలు కొట్టుకొస్తారు, చెల్లెను ఎత్తుకుంటారు, చేనుకు సద్ది మోస్తారు. కాని అదంతా మన ఇంటికోసం. ఇంట్లోవాళ్ళు కాని మనిషికోసం, కూలి లేకుండా, తన ఇష్టంతో చేసే పని వేరు. అది మన పిల్లలకు అందడంలేదని నా అభిప్రాయం. అంతా పని పేరుతోనే పోతోంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. సేవ పేరు పెట్టి పిల్లలచేత చాకిరీ చేయించేవాళ్ళూ ఉంటారు. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించారు. 14 ఏళ్ళ లోపు పిల్లల్ని పనికి పెట్టుకోరాదు. సొంత ఇంటి పనిలో అయినా, ప్రమాదం లేనిదైతేనే, బడి అయ్యాకనో సెలవుల్లోనో సాయం చేయొచ్చు. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో పిల్లల్ని పని మాన్పించి బడికి పంపించడానికి ఎం.వి. ఫౌండేషన్ తరఫున శాంతా సిన్హా గారు ఎంత పాటుపడ్డారో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. 2003లో ఆమెకు మెగసెసే అవార్డు వచ్చింది. ఆ కష్టాన్ని మనం వెనక్కి తిప్పకూడదు. బడి మాన్పించి, ఎండలో నిలబెట్టి చేయించేది సేవ కాదు.

మరి ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ పిల్లలు ఏం చేయగలరు? చలివేంద్రమే తీసుకోండి. రంజను ఖర్చు నలుగురు ఇళ్ళవాళ్ళు కలిస్తే పెద్ద భారం కాదు. బరువు బిందెలు పెద్దవాళ్ళు మోయాలి. పిల్లల పని నీళ్ళు పోయడం, గ్లాసులు కడగడం, మూత పెట్టడం, గోనెపట్టా తడపడం. రంజన్లో చేయి పెట్టొద్దన్నది మొదటి నియమం. రాత్రి మిగిలిన నీళ్ళు పారబోసి, కడిగి, పొద్దున కొత్తనీళ్ళు నింపాలి. పారబోసేది మట్టిలోకి కాదు, పక్కనున్న వేపమొక్క మొదట్లోకి. ఒంటిపూట బడులు మార్చి నడుమనే మొదలవుతాయి. సెలవులు జూన్ రెండోవారం దాకా ఉంటాయి. పొద్దున తొమ్మిది నుంచి పదకొండు, సాయంత్రం నాలుగున్నర తర్వాత, అంతకుమించి వద్దు.

చదవడం వచ్చిన పిల్లలకు ఇంకో మంచి పని ఉంది. ఊళ్ళో ఒంటరిగా ఉండే ముసలివాళ్ళకు పేపరు చదివి వినిపించడం. వాళ్ళ ఫోనులో వచ్చిన మెసేజీ చదివి చెప్పొచ్చు. అయితే ఓటీపీ నంబరు మాత్రం ఎవరికీ చెప్పొద్దని పిల్లలకు గట్టిగా నేర్పండి. పురుగుమందుతో వచ్చే కాగితాన్ని తాతకు చదివి వినిపించడం నా దృష్టిలో పెద్ద సేవ. డబ్బా మీద ఎర్రరంగు గుర్తుంటే అత్యంత విషం, పసుపు ఆ తర్వాతది, నీలం మధ్యరకం, ఆకుపచ్చ తక్కువ. ఈ నాలుగు రంగులు నేర్చిన పిల్ల ఇంటినే కాదు, వాడనూ కాపాడుతుంది. డబ్బాను పిల్లలు తాకకూడదు. కాగితం ఒక్కటే వాళ్ళ చేతిలో ఉండాలి.

అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతారు. ఆదివారం ఆఫీసులుండవు గనుక మనకు ఆ రోజు అక్కడ పని పడదు. పడితే మాత్రం రెండు కథల పుస్తకాలు తెండి. ఇంట్లో చదివాక పంచాయతీ ఆఫీసులో ఒక పెట్టె పెట్టి అందులో వేయించండి. ఆ పెట్టెకు తాళంచెవి పిల్లలదే.

ఇంత చెప్తున్న నేను ఒక తప్పు చేశాను. రెండుమూడేళ్ళ కిందట ఒక ఊళ్ళో పిల్లల చలివేంద్రం మొదలుపెడుతున్నామని పిలిస్తే పోయాను. రిబ్బను, దండలు, పెద్దల ఉపన్యాసాలు. పిల్లల్ని వరుసగా నిలబెట్టి ఫోటో తీశాను, పేపర్లో వేయించాను. నాలుగో రోజు వేరే పని మీద అదే బస్టాపులో దిగితే రంజన్లు ఎండి ఉన్నాయి. ఒకదాంట్లో కుక్కపిల్ల పడుకొని ఉంది. నీళ్ళు ఎవరు తేవాలన్నదే ఎవరూ అనుకోలేదు. పిల్లలకు ఒక్కరోజు పండగ అయింది, అంతే. వాళ్ళ తప్పేమీ లేదు. వంతులు రాయకుండా రిబ్బను కత్తిరించింది పెద్దవాళ్ళు, దాన్ని వార్త చేసింది నేను.

పోయిన ఎండాకాలం అదే ఊరి నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. ఇద్దరు పిల్లల తల్లి, ఎకరంన్నర పొలం. ఒక్కటే రంజను పెట్టుకున్నామని, నాలుగిళ్ళ పిల్లలు వంతులేసుకున్నారని, వంతుల కాగితం గోడకు అంటించామని చెప్పింది. రంజనుకు మూత ఉందా, గరిటె కాడ పొడుగుందా అని అడిగాను. ఉన్నాయట. ఫోటో తీయడానికి రమ్మని ఆమె అనలేదు, వస్తానని నేనూ అనలేదు.