వైరస్ ఎట్లా మారుతుంది? ఎవరి మధ్య మారుతుంది?

గత వానాకాలం మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాలువ కింద ఒక వూళ్లో కలుపు తీసే ఆడకూలీలు మధ్యాహ్నం సద్దులు తింటుండగా సంఘం సభ్యత్వం రాయించుకోను మేము పోయి కూర్చున్నాం. వాళ్లలో నలుగురైదుగురికి జ్వరం, దగ్గు. కాని ఎవరూ పని మానలేదు. ఒక పెద్దమ్మ మమ్మల్ని నిలదీసింది: "కరోనా సూది రెండుసార్లు ఏయించుకుంటిమి. మళ్లొకటి గూడ ఏస్తిరి. మళ్ల ఈ జరం ఏందన్నా? సూది నకిలీదా, రోగం కొత్తదా?"

ఆమె ప్రశ్నకు డాక్టర్లు చెప్పే జవాబు వాళ్ల భాషలో వుంటుంది. పాలకుల దగ్గర జవాబే వుండదు. మేము పెద్ద చదువులు చదివినవాళ్లం కాదు. చదువుకున్నవాళ్లను అడిగి, పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నంతవరకు మన పొలం మాటల్లో చెప్పటానికి ప్రయత్నిస్తాం.

వైరస్ అంటే పురుగు కాదు. పురుగుకు నోరుంటుంది, ఆకు తింటుంది, గుడ్లు పెడుతుంది. వైరస్‌కు అవేమీ లేవు. బయట వున్నంతసేపు అది దుమ్ముతో సమానం. మన ఒంట్లోని కణంలో దూరిందంటే మాత్రం, ఆ కణం చేతనే తన నకళ్లు రాయించుకుంటుంది. వెనకటి దొర మన ఇంటి ముందు మంచం వేసుకుని కూచొని మనచేతనే వెట్టి చేయించుకున్నట్టు. ఈ పోలికను మరీ దూరం లాగకూడదు. దొరకు ఉద్దేశం వుంది, వైరస్‌కు లేదు.

ఆ నకళ్లు రాయటంలోనే అసలు సంగతి వుంది. కరోనా వైరస్ లోపల సుమారు 30 వేల అక్షరాల రాత వుంటుంది. అంత రాతను లక్షలు, కోట్లసార్లు నకలు తీస్తే ఎక్కడో ఒక అక్షరం తప్పిపోకుండా వుంటుందా? పాత పట్వారీ పహాణీ నకలు రాసినప్పుడు తప్పులు దొర్లినట్టే దొర్లుతాయి. తేడా ఏమంటే, పట్వారీ తప్పులు ఎప్పుడూ పెద్ద భూస్వామి పక్షానే దొర్లేవి. వైరస్ తప్పులకు పక్షం లేదు. చాలా తప్పులు వైరస్‌నే చెడగొడతాయి. మరికొన్నిటివల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. ఎప్పుడో ఒకసారి ఒక తప్పు వైరస్‌కు కలిసివస్తుంది. మనిషి నుంచి మనిషికి తొందరగా అంటుకునేట్టో, పాత రోగం నేర్పిన కాపలాను తప్పించుకునేట్టో చేస్తుంది. అట్లాంటి నకలు మిగతావాటికంటే ఎక్కువమందికి చేరుతుంది. కొన్ని నెలలు పోయేసరికి ఎక్కడ చూసినా అదే.

ఇందులో మాయలేదు, మంత్రం లేదు. ఆ పెద్దమ్మకు మేము ఊద గడ్డిని చూపించాం. వరిలో మొలిచే ఊద పసితనంలో అచ్చం వరి పిలకలాగే వుంటుంది. అది అట్లా వుండాలని ఎవరు కోరుకున్నారు? ఎవరూ కోరుకోలేదు. వేల ఏళ్లుగా కలుపు తీసే చేతులు, వరిలాగా లేని ఊదను పీకి గట్టుమీద పారేశాయి. కొంచెం వరిపోలిక వున్న మొక్క కన్నుగప్పి మిగిలింది, గింజ రాల్చింది. మరుసటి ఏడు ఆ పోలిక వున్నవే ఎక్కువ మొలిచాయి. అంటే ఊదకు వరి వేషం వేసింది కలుపు తీసిన చేతులే, వాళ్లకు తెలియకుండానే. పత్తిలో గులాబీ పురుగు సంగతీ అంతే. బీటీ విత్తనం వచ్చినప్పుడు పురుగు పోయిందని కంపెనీలు చాటింపు వేశాయి. ఆ విషానికి చావని పురుగులు ఏ కొన్నో మిగిలి, వాటి సంతానమే చేనంతా నిండింది. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి రైతులకు ఈ పాఠం మేము చెప్పనక్కర్లేదు, అప్పుల్లో చదువుకున్నారు.

"గట్లైతే సూది ఏసినందుకే రోగం మారిందా?" అని పక్కనే వున్న ఇంకొకామె అడిగింది. మంచి ప్రశ్న. కాదు. డెల్టా అని తర్వాత పేరుపెట్టిన రకం మన దేశంలో 2020 అక్టోబరు నాటి నమూనాల్లోనే దొరికింది. మన దేశంలో టీకాలు మొదలైంది 2021 జనవరి 16న. నకళ్లు ఎంత ఎక్కువ రాస్తే తప్పులు అంత ఎక్కువ. ఎంత ఎక్కువమందికి రోగం అంటుకుంటే, కలిసివచ్చే తప్పు దొర్లటానికి అన్ని ఎక్కువ అవకాశాలు. కనుక రోగం మారటం వేరు, రోగం పాకటం వేరు అనుకోకూడదు. పాకనిచ్చినవాళ్లే మారనిచ్చినవాళ్లు.

2021 వసంతంలో ఏం జరిగిందో నల్లగొండ జిల్లా మరిచిపోలేదు. మార్చి నాటికే మహారాష్ట్రలో కేసులు ఎగబాకాయి. పాలమూరు నుంచి ముంబయి, పుణె, భీవండికి రోజూ బస్సులు తిరిగే ప్రాంతం మనది, మహారాష్ట్రలో మంట అంటుకుంటే మనకు పొగ రాకుండా వుంటుందా? సరిగ్గా అప్పుడే నాగార్జునసాగర్ ఉపఎన్నిక. ఏప్రిల్ 14న హాలియాలో అప్పటి ముఖ్యమంత్రి భారీ బహిరంగసభ. 17న పోలింగు. 19న ముఖ్యమంత్రికే కరోనా సోకిందని ప్రకటించారు. ఆయన పార్టీ అభ్యర్థికీ సోకింది. ముఖ్యమంత్రికి పరీక్షలు, స్కానింగులు హైదరాబాదులో వెంటనే జరిగాయి. సభకు డీసీఎంలలో వచ్చిన జనానికి ఎవరు చేయించారు? ఆ సభ ఒక్కదానిమీద మొత్తం పాపం వేయటం న్యాయం కాదు. పెళ్లిళ్లున్నాయి, పోలింగు క్యూలున్నాయి, అన్ని పార్టీల ప్రచారాలున్నాయి. ఆ రోజుల్లో మేము కూడా మీటింగులు పెట్టాం. దాచుకోవలసిన పని లేదు. కాని ఎన్నికను రెండు నెలలు వాయిదా వేయగల అధికారం కూలీ మనిషి చేతిలో లేదు. ఆ నెలలోనే, 26న, మద్రాసు హైకోర్టు ఎన్నికల సంఘంమీద నిప్పులు కురిపించింది. అప్పటికి సాగర్ ఓట్లు పెట్టెల్లో పడివున్నాయి, ఆసుపత్రుల్లో ఆక్సిజన్ సిలిండర్లకోసం పరుగులు మొదలయ్యాయి.

ఆ దేశవ్యాప్త విధ్వంసంలో చచ్చిపోయినవాళ్ల లెక్క కూడా మనకు దక్కలేదు. 2020, 2021 రెండేళ్లకు కలిపి ప్రభుత్వ లెక్క సుమారు 4 లక్షల 80 వేలు. అవే రెండేళ్లకు ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా 47 లక్షలు. ఆ అంచనాను కేంద్రం ఒప్పుకోలేదు. పరీక్ష చేయించుకోకుండా, తండాలో, గూడెంలో చచ్చిపోయినవాళ్లు ఏ కాగితంలోకి ఎక్కుతారు?

ఇక్కడే ఇంకొక ముచ్చట. ఆ మే నెలలో "ఆంధ్రా రకం" అని, కర్నూలు పేరు తగిలించి టీవీలు గగ్గోలు పెట్టాయి. తెలుగు రాష్ట్రాలనుంచి వచ్చేవాళ్లు 14 రోజులు క్వారంటైనులో వుండాలని ఢిల్లీ ప్రభుత్వం ఆజ్ఞ వేసింది. కాని ఆ రకం అప్పటికే తగ్గుముఖం పట్టిందని హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు చెప్పారు. ఒకే మడిలో రెండు రకాల కలుపు మొలిస్తే బలమైంది రెండోదాన్ని అణగదొక్కినట్టు, డెల్టా దాన్ని తొక్కేసింది. పోయే రకానికి మన పేరు పెట్టి, వచ్చే రకాన్ని వదిలేశారన్నమాట.

నింద వేయటంలో ఈ పద్ధతి కొత్తది కాదు. దేశంలో మొదటి కేసు 2020 జనవరి 30న కేరళలో, వూహాన్ నుంచి వచ్చిన విద్యార్థికి. తెలంగాణలో మొదటిది మార్చి 2న, దుబాయి వెళ్లివచ్చిన ఇంజనీరుకు. వాళ్ల తప్పేమీ లేదు, రోగం ఎవరికైనా వస్తుంది. కాని రోగం వచ్చింది విమానంలో, కంప అడ్డం వేసింది కాలినడకన వచ్చినవాళ్లకు. మార్చి 24 రాత్రి నాలుగు గంటల వ్యవధిలో దేశాన్ని మూసేశారు. కూలి లేదు, బస్సు లేదు. వూరి పొలిమేరలో చెట్టుకొమ్మలు, కంపలు అడ్డం పడ్డాయి. దేశంలో మొట్టమొదటి శ్రామిక రైలు కదిలింది మన లింగంపల్లి నుంచే, మే 1న, జార్ఖండ్‌లోని హతియాకు. అంటే ఐదు వారాలపైన మనుషుల్ని ఇరుకు రేకుల షెడ్లలో కుక్కి వుంచి, ముంబయిలాంటి చోట్ల రోగం బాగా పాకిన తర్వాత ఇళ్లకు వదిలారు. మొదటి వారంలోనే కూలి డబ్బులిచ్చి, పరీక్షచేసి పంపివుంటే తమ వెంట రోగం తెచ్చుకునేవాళ్లు తక్కువగా వుండేవారు. ముంబయినుంచి తిరిగివచ్చిన వలస కూలీల్లో మే నెలలో కేసులు బయటపడితే, "పాలమూరు లేబర్ తెచ్చారు" అన్నారు. దేశంలో ఎన్నో ప్రాజెక్టుల మట్టి మోసిన పాలమూరు లేబర్‌కు దక్కిన బిరుదు ఇది.

"రోగం పాతబడితే దానంతటదే మెత్తబడుతుంది" అనే మాట కొందరు చదువుకున్నవాళ్లే చెబుతున్నారు. ఇది నమ్మదగింది కాదు. 1918 జూన్‌లో బొంబాయి రేవులో దిగిన ఇన్‌ఫ్లూయెంజా మొదట మామూలు జ్వరంలాగే పోయింది. సెప్టెంబరులో తిరిగివచ్చినప్పుడు అది వేరే రూపం. రైలు పట్టాల వెంట దేశమంతా పాకింది. 20, 40 ఏళ్ల మధ్య గట్టి వయసువాళ్లే ఎక్కువగా రాలిపోయారు. ఆ ఏడే వానలు ఎగ్గొట్టాయి. తిండిలేని ఒంటిమీద జ్వరం. దేశంలో కోటి ఇరవై లక్షలనుంచి కోటి ఎనభై లక్షలదాకా చనిపోయారని అంచనాలున్నాయి. మశూచి వందల ఏళ్లు చంపుతూనే వున్నది. అది తనంతట తాను మెత్తబడలేదు, టీకాతో తరిమితే 1980 నాటికి లోకం వదిలిపోయింది. వైరస్‌కు దయ లేదు, పగ లేదు. తనను మోసుకుపోయే మనిషి ఇంకొక మనిషిని కలిసేదాకా నిలబెట్టగలిగితే చాలు, ఆ తర్వాత ఆ మనిషి బతికాడా చచ్చాడా అన్నదానితో దానికి పనిలేదు.

దోమ మోసే వైరస్‌లకు మనుషులు కలవవలసిన అవసరం కూడా లేదు. 2006లో చికున్‌గున్యా మన జిల్లాల్లో మంచాలు పట్టించిన సంగతి నడివయసువాళ్లందరికీ గుర్తే. ఆ పేరు తూర్పు ఆఫ్రికాలోని మకొండె భాషది, వంగిపోవటం అని అర్థం. 1952లో టాంగన్యికాలో మొదట గుర్తించారు. 1960 దశకంలో మన కోస్తా పట్నాలకూ వచ్చింది, 1973 తర్వాత కనుమరుగైంది. 2005 చివర మళ్లీ వచ్చింది అదే కాదు, ఆఫ్రికా తీరంనుంచి హిందూ మహాసముద్రంలోని దీవులమీదుగా వచ్చిన వేరే శాఖ. ఆ దీవుల్లో ఒకటైన రీయూనియన్‌లో ఒకే ఒక్క అక్షరం మారి, అప్పటిదాకా దాన్ని బాగా మోయని మరోజాతి దోమకు కూడా అది వంటబట్టింది. మన దగ్గర ఆ మార్పు కూడా అక్కరలేకపోయింది. నిలవనీళ్లలో పుట్టే ఇంటిదోమే సరిపోయింది. ఆ దోమ మురుగులో గుడ్లు పెట్టదు. సిమెంటు గోలెంలో, డ్రమ్ములో, మూతలేని కుండలో పెడుతుంది. బోరునీళ్లలో ఫ్లోరైడు వున్న జిల్లాలో, మంచినీళ్లు నాలుగురోజులకోసారి వచ్చే వూళ్లో, నీళ్లు పట్టి నిలవ చేయక ఏం చేస్తారు? ఆ ఏడు దేశంలో 13 లక్షల 90 వేల అనుమానిత కేసులు లెక్కకెక్కాయి. చావులు తక్కువే అన్నారు. మూడు నెలలు నాటు వేయలేక వంగి నడిచిన కూలీ నష్టం ఏ ఖాతాలో రాశారు? అప్పుడు మాలో ఒకరు నలభైరోజులు గోడ పట్టుకుని నడిచారు.

కోళ్ల ఫారాల్లో పనిచేసేవాళ్లు ఇంకొక సంగతి గమనించాలి. 2015లో హయత్‌నగర్ మండలం తొర్రూరులో, 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లోని వేల్పూరు, కానూరులలో కోళ్లకు పక్షి ఇన్‌ఫ్లూయెంజా వచ్చింది. 2025 మార్చిలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక పసిబిడ్డను అది పొట్టనబెట్టుకున్నది. ఇది ఇప్పటిదాకా మనిషినుంచి మనిషికి సులువుగా పాకటం నేర్వలేదు. నేర్చే అవకాశం ఎక్కడ వున్నది? కోళ్లు మూకుమ్మడిగా చచ్చినప్పుడు వాటిని ఒట్టి చేతుల్తో ఎత్తి గుంటలో పూడ్చే మనిషి ముక్కులో వున్నది. గ్లౌజు, మాస్కు, కళ్లద్దాలు, ఆ పనిచేసినవాళ్లకు కొన్ని రోజులు జ్వరం చూడటం, ఇవి అడగటం బిచ్చం కాదు.

ఇక పెద్దమ్మ అడిగినదానికి. సూది నకిలీది కాదు. తట్టు వైరస్‌లో కూడా తప్పులు దొర్లుతాయి, కాని టీకా పట్టుకునే భాగం మారితే అది బతకలేదు. అందుకే 1960 దశకంలో తయారైన తట్టు టీకాలు ఈనాటికీ పనిచేస్తున్నాయి. ఇన్‌ఫ్లూయెంజా, కరోనా అట్లా కాదు, పైచొక్కా మార్చుకుని కూడా బతకగలవు. సూది నేర్పిన కాపలా మారిన చొక్కాను చూసి గుమ్మం దగ్గర మోసపోవచ్చు. ఇంట్లోకి వచ్చాక గుర్తుపట్టి ప్రాణం మీదికి రానీయకుండా చాలావరకు ఆపుతుంది. జ్వరం రావటం వేరు, చావటం వేరు. వయసు మళ్లినవాళ్లు, షుగరు, దమ్ము వున్నవాళ్లు డాక్టరునడిగి మళ్లీ వేయించుకోవటమే మేలు. ఆ టీకాను కూడా 2021 మే నెలలో 18 ఏళ్లు దాటినవాళ్లకు ఫోనులో పేరు నమోదుచేసుకుంటేనే ఇస్తామన్నారు. టీకాల్లో ఒకటి తయారైంది మన హైదరాబాదు పక్కనే, దక్కించుకోవటానికి పెద్ద ఫోను కావాలి. జూన్ 21నగాని వాళ్లకు కేంద్రమే ఉచితంగా ఇవ్వటం మొదలుకాలేదు.

మేము ఇదంతా చెప్పి, జ్వరం వున్నవాళ్లు రెండు మూడు రోజులు ఇంటిపట్టున వుండమన్నాం. ఒకే ఆటోలో పదిహేనుమంది ఒకరి మొహంలో ఒకరు దగ్గుకుంటూ పోవద్దన్నాం. పెద్దమ్మ నవ్వి, "ఉంటం. ఆ మూడు దినాల కూలి సంఘం ఇస్తదా?" అన్నది.

మా దగ్గర జవాబు లేదు. ఇ.ఎస్.ఐ. చట్టం 1948లో వచ్చింది. ఇ.ఎస్.ఐ. కింద వున్న ఫ్యాక్టరీ కార్మికుడు జబ్బుపడితే కూలిలో నూటికి 70 వంతున, ఏడాదికి 91 రోజులవరకు ఇస్తారు. కార్మికులు పోరాడి నిలబెట్టుకున్న హక్కు అది. నాటు వేసే, కలుపు తీసే మనిషికి ఒక్కరోజుకూ అది లేదు. జిల్లా మహాసభ తీర్మానాల్లో కనీసకూలి, ఇళ్లస్థలాలు, పింఛను వుంటాయిగాని, జబ్బురోజుల కూలి అనే మాట మేమే ఇన్నేళ్లుగా రాయలేదు. ఈసారి ముసాయిదాలో ఆ పెద్దమ్మ మాటనే మొదటి పేరాగా పెట్టి మండల కమిటీలకు పంపాం.